పొట్లం మీద ఏ పేరు వెయ్యాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది విజయనగరం దగ్గర పల్లె. రెండేళ్ల నుంచి మా అత్తగారూ నేనూ కలిసి కందిగుండ, నువ్వుగుండ, కరివేపాకు గుండ చేసి విశాఖలో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్లకు పంపుతున్నాం. వేసవిలో ఆవకాయ కూడా పెడతాం. ఇన్నాళ్లూ పేరంటూ ఏమీ లేదు. ఇప్పుడు వైజాగ్‌లో రెండు సూపర్‌మార్కెట్లు మా సరుకు పెట్టుకుంటామన్నాయి, కానీ పేరుతో లేబుల్ ఉండాలన్నాయి. ఆరు వారాలుగా అక్కడే ఆగిపోయాం. మా మామగారు ‘శ్రీ పైడితల్లి ఫుడ్స్’ అంటున్నారు. మా ఆయనకు ‘అమ్మమ్మ చేతి వంట’ నచ్చింది. బెంగళూరులో ఉన్న మా మరిది ‘సదరన్ స్పైస్’ అని పెడితేనే బయట అమ్ముడుపోతుందంటాడు. నాకేమో పేరులో, పొడికి మేమనే ‘గుండ’ అనే మాట ఉండాలని ఉంది. న్యూమరాలజీ చూసే ఆయన 3,000 తీసుకొని, ఏ పేరు పెట్టినా ఇంగ్లీషులో చివర ఇంకో ‘ఏ’ చేర్చమన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మీరెప్పుడైనా ఇటు వస్తే మా ఇంటికి తప్పక రండి. పెరట్లో చింతచెట్టు కిందే వేయించడం, దంచడం అంతా. వీధి అరుగు పక్కన మా తాతల నాటి పెద్ద రోలు ఉంది, అందుకని ఊళ్లో మమ్మల్ని రోలింటివాళ్లు అంటారు. ఎవరినడిగినా చూపిస్తారు. – ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

సమాధానం:

అమ్మా,

నేను రాజమండ్రిలో 22 ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్ నడిపాను. పెళ్లిపత్రికల తర్వాత మా దగ్గరికి ఎక్కువగా వచ్చిన పని లేబుళ్లే. పచ్చళ్లు, అగరుబత్తీలు, సబ్బులు, కారప్పొడులు, ఎన్ని కొత్త పేర్లు నా చేతి మీదుగా ప్రింటయ్యాయో లెక్క లేదు. చాలావాటికి రెండో ఆర్డర్ రాలేదు. కొందరికి సరుకు కుదరలేదు, కొందరికి డబ్బు తిరగలేదు. సరుకు బంగారంలా ఉండి కూడా పేరు దగ్గర దెబ్బతిన్నవాళ్లను నలుగురైదుగురిని దగ్గరగా చూశాను. అందుకే మీరు ఆరు వారాలు ఆగినందుకు నేనేమీ అనను. ఆగాల్సిన చోటే ఆగారు.

ఇంట్లో వచ్చిన పేర్లన్నిటికీ ఒకే కొలత పెడదాం. మీ కందిగుండ విశాఖ ఎంవీపీ కాలనీలో ఒకావిడ ఇంట్లో ఉంది. చూడటానికి వచ్చిన చెల్లెలు వేడన్నంలో కలుపుకొని తింది, బాగుంది, ఎక్కడ కొన్నావని అడిగింది. ఆవిడ ఒక మాట చెప్తుంది. ఆ మాట చెల్లెలికి మర్నాడు కూడా గుర్తుండాలి. ఫోన్‌లో కొడితే మీరే తగలాలి. పదేళ్ల కొడుకును కొట్టుకు పంపి ఫలానాది తెమ్మంటే, వాడు తడబడకుండా అడగాలి, కొట్టువాడు వేరే పొట్లం తీయకూడదు. పేరు వల్ల మీకు కావాల్సింది ఇదే. వినడానికి ఎంత అందంగా ఉందన్నది దీని తర్వాతి సంగతి.

ముందు మీ ఆయన చెప్పిన ‘అమ్మమ్మ చేతి వంట’. ఆప్యాయంగా ఉంది, కాదనను. కానీ అమ్మమ్మ లేని ఇల్లు లేదు. పచ్చళ్లు, పొడులు అమ్మేవాళ్లలో అమ్మమ్మ, నాయనమ్మ, అమ్మ చేతి అని పెట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చెల్లెలు ఫోన్‌లో ‘అమ్మమ్మ’ అని కొడితే యాభై వస్తాయి, వాటిలో మీరు ఎక్కడో ఉంటారు. రేపు పక్క ఊరివాళ్లు ‘అమ్మమ్మ గారి చేతి వంట’ అని పెట్టుకున్నా మీరు గట్టిగా ఆపలేరు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం, సరుకు ఏమిటో, ఎలాంటిదో, ఏ ఊరిదో చెప్పడానికి వ్యాపారంలో అందరూ వాడే మాటల్ని మామూలుగా ఒక్కరికే రాసివ్వరు. ఏళ్ల తరబడి వాడి, ఆ మాటంటే ఫలానావాళ్లే అని జనంలో పడిందని చూపిస్తే తప్ప.

హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి బావర్చి బిర్యానీ గురించి వినే ఉంటారు. బావర్చి అంటే ఉర్దూలో వంటవాడు. అందరి నోళ్లలో ఉన్న మాట. ఆ హోటల్‌కు పేరు రాగానే ఊరంతా రకరకాల బావర్చిలు పుట్టుకొచ్చాయి. అసలు హోటల్‌వాళ్లు తమకు వేరే బ్రాంచీలు లేవని బోర్డు పెట్టుకోవాల్సి వచ్చింది. అంత రుచి, అంత జనం ఉన్నారు కాబట్టి వాళ్లు తట్టుకున్నారు. ఇప్పుడే మొదలుపెట్టిన మీరు ఆ బరువు ఎందుకు ఎత్తుకోవాలి?

మామగారి మాట జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే అది వ్యాపారం లెక్క కాదు, భక్తి. సిరిమాను ఉత్సవానికి ఊరు ఊరంతా కదిలే చోట పుట్టిన మనిషికి కొత్త పని అంటే మొదట పైడితల్లమ్మే గుర్తుకొస్తుంది. ఆయనతో మాట్లాడేటప్పుడు చట్టం సంగతి తర్వాత చెప్పండి, ముందు ఇది చెప్పండి. గుండ పొట్లం ఖాళీ అయ్యాక ఏమవుతుంది? చెత్తబుట్టలో పడుతుంది. అక్కడి నుంచి రోడ్డు మీదికి, కాళ్ల కిందికి. దేవతల బొమ్మలున్న క్యాలెండర్ ప్రూఫులు తీసినప్పుడు మా ప్రెస్‌లో పనికిరాని షీట్లను కుర్రాళ్లు విడిగా కట్ట కట్టి గోదాట్లో కలిపేవారు, నేల మీద పడనిచ్చేవారు కాదు. పొట్లం కొన్నవాళ్లు అలా చేస్తారా? ఈ ఒక్క మాట మీ మామగారికి చాలనుకుంటున్నాను.

చట్టం వైపు నుంచి చూసినా అదే చిక్కు. అమ్మవారి పేరుతో జిల్లాలో ఇప్పటికే ఎన్నో దుకాణాలు, ట్రావెల్స్, హోటళ్లు ఉంటాయి. కొట్టువాడికి మీరెవరో తెలియదు. అగరుబత్తీల మీద ‘రామాయణ్’ అనే పేరు తనదేనన్న ఒక వ్యాపారి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పవిత్ర గ్రంథం పేరును ఒక్కరు తమ సరుకు గుర్తుగా సొంతం చేసుకోలేరని 2015లో కోర్టు తేల్చింది. దేవుడి పేరుకు ముందో వెనకో ఇంకేదైనా చేర్చి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, కానీ చేర్చిన ఆ ముక్కే వాళ్లది, దేవుడి పేరు అందరిదీ. మొదటి పొట్లం గుళ్లో పెట్టి, పసుపు కుంకుమ చల్లించుకొని రండి. గోడ మీద అమ్మవారి పటం పెట్టుకోండి. మొదలుపెట్టే ముహూర్తం మామగారినే పెట్టమనండి. ఆయనకు దక్కాల్సిన పెద్దరికం అక్కడ పూర్తిగా దక్కుతుంది.

ఊరి పేరు పెడదామన్న ఆలోచన మీ ఇంట్లో ఎవరికీ రాలేదు గానీ, తర్వాత వస్తుంది, ముందే చెప్తున్నాను. ఊరి పేరు మీ చేతిలో ఉండదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరికి సంబంధం లేనివాళ్లు ఆ పేరుతో పూతరేకులు అమ్మితే ఇప్పుడు అడిగేవాళ్లున్నారు. ఇంకోవైపు హైదరాబాద్ కరాచీ బేకరీని చూడండి. దేశ విభజన తర్వాత కరాచీ నుంచి వచ్చిన సింధీ కుటుంబం, వదిలొచ్చిన ఊరి జ్ఞాపకంగా 1953లో పెట్టుకున్న పేరు. 2019లో పుల్వామా దాడి జరిగాక బెంగళూరులో ఆ షాపు బోర్డు మీద ‘కరాచీ’ అనే మాటను కప్పాల్సి వచ్చింది. బిస్కట్లు ఎంత బాగా చేసినా ఆ రోజు వాళ్ల చేతిలో ఏమీ లేదు.

మీ మరిది చెప్పిన ‘సదరన్ స్పైస్’ గురించి ఎక్కువ చెప్పను. దక్షిణాది మసాలా అన్న ఆ రెండు మాటలూ ఎవరైనా వాడుకోవచ్చు, ఇప్పటికే చాలామంది వాడుకుంటున్నారు. అందులో మీరూ లేరు, మీ అత్తగారూ లేరు. బెంగళూరులో తెలుగువాడు మీ గుండ కొంటాడంటే ఇంటి మీద బెంగతో కొంటాడు. ఇంగ్లీషు పేరు చూసి ఆగడు.

ఇక మీ మాటకు వద్దాం. ‘గుండ’ ఉండాలన్న మీ కోరిక నాకు చాలా నచ్చింది. గోదావరి దాటి వచ్చిన మా ఇళ్లలో కొంతమంది కందిపొడి అంటారు, మా అమ్మ మాత్రం కందిగుండే అనేది. ఆ మాట చెవిన పడితే ఇప్పటికీ నాకు ఇనప మూకుడులో వేగే కందిపప్పు వాసన గుర్తుకొస్తుంది. మీ మాటను మీరు వదలకూడదు. కానీ అది ఎక్కడ ఉండాలో చూడండి. సూపర్‌మార్కెట్ బిల్లు ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది. కొరియర్ కవరు, ఫోన్‌పే స్కానర్, గూగుల్ మ్యాప్ అన్నిటిలోనూ అంతే. గుండను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మన మాట తెలియనివాళ్ల చేతికి ఇవ్వండి. గూండా అని చదువుతారు. తెలంగాణ కుర్రాడైనా అలాగే చదువుతాడు, హిందీవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. తెలుగు అక్షరాల్లో ఏ బాధా లేని మాట ఇంగ్లీషు అక్షరాల్లోకి మారగానే ఇలా అయిపోతుంది.

ఈ చిక్కు మన భాషకు ప్రత్యేకంగా ఉంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. మనకు దీర్ఘాలున్నాయి, ఇంగ్లీషు అక్షరాలు వాటిని చూపవు. ‘కారం’ అని రాస్తే ‘కరం’ అని చదవొచ్చు. ‘వడి’, ‘వాడి’ ఒకేలా కనిపిస్తాయి. ‘త’ రాయడానికి మనం టీ పక్కన హెచ్ పెడతాం, ఉత్తరాదివాళ్లు టీ ఒక్కటే పెడతారు. ‘ళ’కూ ‘ల’కూ, ‘ణ’కూ ‘న’కూ తేడానే కనపడదు. పూతరేకులు అన్న ఒక్క మాటను ఎంతమంది ఎన్ని రకాలుగా రాస్తారో ఫోన్‌లో వెతికి చూడండి. కాబట్టి పేరులో వీలైనంత వరకు త, థ, ద, ధ లేకుండా, దీర్ఘం తప్పు చదివినా అర్థం పాడవకుండా ఉండేది ఎంచుకుంటే మీకు సగం బాధ తప్పుతుంది.

న్యూమరాలజీ ఆయన చేర్చమన్న రెండో ‘ఏ’ కూడా ఇక్కడే అడ్డం వస్తుంది. అంకెల మీద నమ్మకం ఉండటం తప్పని నేను అనను, ఎవరి నమ్మకం వాళ్లది. అయితే చెల్లెలు పేరు చెవితో వింది. చెవికి ఆ రెండో ‘ఏ’ వినపడదు. తను విన్నట్టుగా ఫోన్‌లో కొడుతుంది, మీరు దొరకరు. నమ్మకాన్ని ముహూర్తంలోనో, మొదటి అమ్మకం తేదీలోనో పెట్టుకోండి. స్పెల్లింగ్‌లో వద్దు.

మరి ఏ పేరు? అమ్మా, ఉత్తరం చివర నన్ను ఇంటికి పిలుస్తూ మీరే రాసేశారు. ఊళ్లో మమ్మల్ని రోలింటివాళ్లు అంటారు, ఎవరినడిగినా చూపిస్తారు అన్నారు. ఆ వాక్యం దగ్గర నేను చదవడం ఆపి, కాగితం తీసుకొని ‘రోలింటి’ అని రాసి చూశాను. రోలింటి కందిగుండ. రోలింటి నువ్వుగుండ. రోలింటి ఆవకాయ. మీరు ఆశపడ్డ గుండ ఎక్కడికీ పోలేదు, సరుకు పేరుగా పక్కనే తెలుగులో పెద్దగా ఉంటుంది. పైన ఉండే గుర్తు మాత్రం మీ ఇంటిది.

ఈ పేరులో నాకు నచ్చినవి చెప్తాను. తెలుగులో ‘ఇంటి’, ‘ఊరి’ లాంటి రూపాలు తర్వాతి మాటను పట్టుకొని నడుస్తాయి, అందుకని రేపు మీరు ఏ కొత్త సరుకు చేసినా పేరు అతికినట్టు ఉంటుంది. పలకడం తేలిక. ఇంగ్లీషులో ఆర్, ఓ, ఎల్, ఐ, ఎన్, టీ, ఐ. ఒత్తులు లేవు. దీర్ఘం తప్పినా వేరే మాట అయిపోదు. దంచి చేసిన సరుకన్న భావం వస్తుంది గానీ, ఇది కందిపొడి అని నేరుగా చెప్పడం లేదు, కాబట్టి రిజిస్ట్రేషన్‌కు దారి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా ఈ పేరు ఎందుకు పెట్టారని అడిగితే మీరు కట్టుకథ చెప్పక్కర్లేదు. అరుగు పక్కన రోలు చూపిస్తే చాలు.

ఒక జాగ్రత్త. రోలు అన్నారంటే కొన్నవాళ్లు రోట్లో దంచారనుకుంటారు. ఇప్పుడు రోట్లోనే దంచుతున్నారా, పెరిగిన ఆర్డర్లకు మిక్సీయో పల్వరైజరో పెట్టారా? పెట్టి ఉంటే తప్పేమీ లేదు. లేబుల్ మీద మాత్రం ‘రోట్లో దంచినది’ అని రాయకండి. మా రోలింటి నుంచి అని రాయండి, అది నిజం.

మన తెలుగువాళ్లలో ఈ పేరు విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. 1893లో బొంబాయిలో తలనొప్పి మందు మొదలుపెట్టి ‘అమృతాంజనం’ అన్నారు. అమృతం, అంజనం రెండూ పాత మాటలే, కలిపిన మాట ఆయనది. సంగీత కచేరీల్లో ఆ మందు ఉచితంగా పంచేవారని చెప్తారు. అక్కడ పుచ్చుకున్న శ్రోత మర్నాడు దుకాణానికి వెళ్లి ఒక్క మాటలో అడగగలిగాడు. ఆ వ్యాపారం మీద వచ్చిన డబ్బుతోనే ఆయన 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు.

సరే, రోలింటి మీకు నచ్చిందనుకుందాం. వెంటనే ప్రింట్‌కు ఇవ్వకండి. సాయంత్రం ఐదారుగురికి ఫోన్ చెయ్యండి. మీ చుట్టాలే కాకుండా కొనేవాళ్లలో ఇద్దరు, మన భాష రానివాళ్లు ఒకరు ఉండేలా చూసుకోండి. పేరు ఒక్కసారే చెప్పండి, వాళ్లు విన్నట్టు ఇంగ్లీషులో రాసి వాట్సాప్ చెయ్యమనండి. ఆరుగురిలో ఐదుగురు ఒకేలా రాస్తే పేరు నిలబడింది. రెండు రోజులాగి మళ్లీ అడగండి, గుర్తుందేమో. మీ అత్తగారిని పదిసార్లు అనమనండి. ఆవిడ నోటికి ఎలా తిరుగుతుందో అదే బయటా తిరుగుతుంది.

తర్వాత వెతుకులాట. గూగుల్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో చూడటం అందరూ చేస్తారు. దాంతో ఆగితే ప్రమాదం. కేంద్ర ప్రభుత్వ ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్కుల పబ్లిక్ సెర్చ్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ సరుకుల్నీ సేవల్నీ కలిపి 45 తరగతులుగా విడదీశారు. మీ గుండలు, మసాలాలు 30వ తరగతిలోకి వస్తాయి, పచ్చళ్లు 29లోకి. ఈ రెండింట్లోనూ చూడండి. అచ్చంగా అదే పేరు లేకపోతే చాలనుకోకండి, ఉచ్చారణ దగ్గరగా ఉన్నవాటిని వెతికే వీలు కూడా అక్కడే ఉంది, అదీ చూడండి. ఎందుకంటే చట్టం చెవితో కూడా వింటుంది. ‘అమృతధార’ అనే మందు ఉండగా ఇంకొకరు ‘లక్ష్మణధార’ అని వచ్చారు. కాగితం మీద రెండూ వేరు. మామూలు కొనుగోలుదారు తికమకపడేంత దగ్గరగా ఉన్నాయని 1962లో సుప్రీంకోర్టు అంది.

ఈ వెతుకులాట చెయ్యకపోతే ఏమవుతుందో నా కళ్లతో చూశాను. పచ్చళ్లు పెట్టే ఒకాయన మా ప్రెస్‌లో 20,000 లేబుళ్లు వేయించుకున్నాడు, నాలుగు రంగుల్లో. పేరు చాలా బాగుందని నేనే మెచ్చుకున్నాను. మూడో నెలలో ఒక పెద్ద కంపెనీ లాయరు నుంచి నోటీసు వచ్చింది, పేరు తమదానికి దగ్గరగా ఉందని. కోర్టుకెళ్లే స్తోమత ఆయనకు లేదు. సీసాల మీద అంటించినవి నీళ్లలో నానబెట్టి, ఇంట్లో ఆడవాళ్లు గోళ్లతో గీకి తీశారు. మిగిలినవి తెచ్చి మా గోడౌన్‌లో పడేశాడు. వెనక తెల్లగా ఉన్న ఆ లేబుళ్ల మీద మా కుర్రాళ్లు ఏడాది పాటు లెక్కలు రాసుకున్నారు. ఆయన్ను వెతకమని నేనొక్క మాట చెప్పి ఉండాల్సింది. అప్పుడు నాకూ తెలియదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు, మీకు ఇంత పొడుగ్గా రాయడానికి అదీ ఒక కారణం.

వెతికాక ఎవరికీ లేదని తేలితే ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు పెట్టండి. సొంతంగా వ్యాపారం చేసుకునే వ్యక్తికి ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు ప్రభుత్వ ఫీజు. రెండు తరగతులైతే 9,000. చేతిలో డబ్బు తక్కువుంటే ముందు 30వ తరగతిలో వెయ్యండి, మీ అమ్మకంలో ఎక్కువ గుండలే కదా. ఆవకాయ సంగతి వచ్చే వేసవికి చూసుకోవచ్చు. దరఖాస్తును పరిశీలించి ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రకటిస్తారు, అక్కడి నుంచి నాలుగు నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అన్నీ దాటి రిజిస్టరైతే పదేళ్లు మీది, ఆ తర్వాత పొడిగించుకోవచ్చు. ఈలోగా పేరు పక్కన ‘టీఎం’ (ట్రేడ్‌మార్క్) అని వేసుకోవచ్చు. గుండ్రటి సున్నాలో ‘ఆర్’ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చేదాకా వెయ్యకూడదు, అది చట్టరీత్యా తప్పు.

పేరుతో వేసిన మొదటి బిల్లు, మొదటి లేబుల్, మొదటి కొరియర్ రసీదు ఫొటోలు తీసి ఒక ఫైల్‌లో పెట్టుకోండి. రేపు ఎవరైనా అదే పేరుతో వస్తే, మీరు ఏ రోజు నుంచి వాడుతున్నారన్నది పెద్ద సాక్ష్యం. మన చట్టంలో ముందు నుంచి వాడుతున్నవాళ్లకు విలువ ఉంది. పేరు లేకుండా అమ్మిన మీ రెండేళ్లు ఈ లెక్కలోకి రావు, అందుకే ఇక ఆలస్యం వద్దంటున్నాను.

ఇప్పుడు మీరు అడగని ఒక ప్రశ్న. దరఖాస్తు ఎవరి పేరు మీద పెడతారు? మీది ఇప్పుడు కంపెనీ కాదు, సొంత వ్యాపారం. అంటే పేరు కూడా ఒక మనిషి ఆస్తి. వండేదీ, పంపేదీ మీరూ అత్తగారూ. ఇంటి పెద్ద కదా అని మామగారి పేరునో, ఇంగ్లీషు వచ్చు కదా అని మరిది పేరునో పెట్టేస్తే, ఇవాళ అందరూ కలిసే ఉన్నారు కాబట్టి ఏమీ అనిపించదు. నాకు తెలిసిన ఒక మిఠాయి దుకాణం తండ్రి పేరుతో నడిచేది. ఆయన పోయాక అన్నదమ్ములు విడిపోయారు. ఎదురెదురుగా రెండు దుకాణాలు, రెండింటి మీదా ఆయన పేరే, రెండింటి మీదా ‘అసలైన’ అని. ఆ రెండు బోర్డుల అక్షరాలూ మా ప్రెస్‌లోనే డిజైన్ చేశాం. వాళ్లమ్మ ఏ దుకాణంలోనూ కాలు పెట్టలేదు. మీ ఇంట్లో అలా జరగాలని కాదు. అడగడానికి మొహమాటం లేని రోజునే అడగాలి. మీ పేరు మీద పెట్టండి, లేదా అత్తగారూ మీరూ భాగస్వామ్య పత్రం రాసుకొని ఆ సంస్థ పేరు మీద పెట్టండి. మీ ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకొని, నలుగురి ముందూ మాట్లాడి పెట్టండి. మీరు మంచి కోడలు కాబట్టి ఈ మాట ఎత్తడానికి వెనకాడతారని తెలుసు. అయినా ఎత్తండి.

చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు. అందులో సంస్థ పేరుగా ఇదే రాస్తే బ్యాంకులో కరెంట్ ఖాతా తెరవడానికి పనికొస్తుంది. ఆహార పదార్థాలు అమ్మేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు తప్పనిసరి. ఆ 14 అంకెలూ లేబుల్ మీద ఉండాలి, లేకపోతే సూపర్‌మార్కెట్‌వాళ్లు సరుకు దించనివ్వరు. మూడు చోట్లా పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా రాయండి. ఒకచోట ‘రోలింటి ఫుడ్స్’, ఒకచోట ‘రోలింటి హోమ్ ఫుడ్స్’ అని రాసి, చెక్కు జమ కాక నెలలు తిరిగినవాళ్లున్నారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు, వెబ్‌సైట్ పేరు అదే రోజు తీసి పెట్టుకోండి, వాడేది ఎప్పుడైనా సరే.

ప్రింటింగ్ మాట నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు. సూపర్‌మార్కెట్ అనగానే మెరిసే రంగుల పౌచ్‌లు కళ్ల ముందు కనిపిస్తాయి. వాటికి ఒక్కో రంగుకు ఒక్కో ప్రింటింగ్ సిలిండర్ చెక్కాలి, వందల కిలోల ప్లాస్టిక్ ఫిల్మ్ ఒకేసారి వేయించాలి. తర్వాత పేరులో అక్షరం మార్చాలన్నా, బరువు మార్చాలన్నా ఆ సిలిండర్ పక్కన పడేసి కొత్తది చెక్కించాలి. మొదటి ఏడాది ఆ జోలికి వెళ్లకండి. జిప్ ఉన్న ఖాళీ పౌచ్‌లు కిలోల లెక్కన దొరుకుతాయి. వాటి మీద అంటించడానికి ముందు 500 స్టిక్కర్లు వేయించండి. నూనె చేయి తగిలినా సిరా చెదరకుండా పైన లామినేషన్ ఉండాలి. పైన ‘రోలింటి’ తెలుగులో, పెద్దగా, అలంకారాలు లేని అక్షరాల్లో. దాని కింద చిన్నగా ఇంగ్లీషులో. మధ్యలో ‘కందిగుండ’. మీ మరిదిని తృప్తిపరచడానికి దాని కింద ఇంగ్లీషులో ఇది ఏమిటో ఒక వరుస రాయించండి, బెంగళూరువాళ్లకూ పనికొస్తుంది. స్టిక్కర్ ప్రూఫ్‌ను కంప్యూటర్‌లో చూసి ఒప్పుకోకండి. కాగితం మీద అసలు సైజులో తీయించి, పౌచ్‌కు అంటించి, అల్మారాలో పెట్టి, ఆరడుగుల దూరం నుంచి చూడండి. కొట్లో మనుషులు నిలబడేది అంత దూరంలోనే.

ఆ రోలు ఫొటో ఒకటి మంచి వెలుతురులో తీసి ఉంచండి, ఉదయం పూట అయితే రాతి మీద గాట్లు కూడా కనిపిస్తాయి. లేబుల్ మీద గీతల బొమ్మగా వేసుకోవచ్చు. వెతుకులాటలో రోలింటి అనే పేరు ఇప్పటికే ఎవరిదో అని తేలితే నిరాశపడకుండా నాకు మళ్లీ రాయండి. మీ ఉత్తరంలో చింతచెట్టు కూడా ఉంది, ఊళ్లో దాన్ని ఏమని పిలుస్తారో ఈసారి ఆ మాట తప్పకుండా రాయండి.